బీఎంఐ నార్మలే అన్నారు, కానీ అమ్మ గాజులు మోచేతి దాకా జారుతున్నాయి

మల్కాజిగిరి_మాధవి
అమ్మకి 68 ఏళ్ళు, ఎత్తు 152 సెంటీమీటర్లు. సంక్రాంతికి 54 కిలోలు ఉండేది, ఇప్పుడు 47. ఇంకా అయిదు నెలలు కూడా కాలేదు. తొమ్మిదేళ్ళుగా షుగర్, రోజుకి రెండు మెట్‌ఫార్మిన్ మాత్రలు. చెకప్‌కి తీసుకెళ్తే బీఎంఐ 20.3 వచ్చింది, "నార్మలే, ఈ వయసులో సన్నబడితే మంచిదే" అని పంపేశారు. నాకు మాత్రం మనసొప్పట్లేదు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి, రవికెలన్నిటికీ రెండో కుట్టు వేయాల్సొచ్చింది. అడిగితే "మూడు పూటలా తింటూనే ఉన్నాగా" అంటుంది. నిజమే, తింటోంది. ఇది వయసా, పోషకాహార లోపమా? ఇంట్లో తేల్చుకునే దారి ఏదైనా ఉందా?

కొలత_టేపు
బీఎంఐ పక్కన పెట్టి, తగ్గింది ఎంత శాతమో చూడండి. 54లో 7 పోయాయి, అంటే 13 శాతం. తగ్గాలని అనుకోకుండానే మూడు నుంచి ఆరు నెలల్లో 5 శాతం దాటితే జాగ్రత్త పడాలి, 10 శాతం దాటితే తీవ్రమైన సంగతి. ఆస్పత్రుల్లో వాడే ‘మస్ట్’ స్క్రీనింగ్‌లో బీఎంఐ 20 దాటితే సున్నా, 18.5 నుంచి 20 మధ్య ఉంటే 1, అంతకన్నా తక్కువైతే 2. బరువు తగ్గడానికి వేరే మార్కులు: 5 నుంచి 10 శాతానికి 1, 10 దాటితే 2. రెండూ కలిపి 2 వచ్చినా, దాటినా హై రిస్క్. మీ అమ్మగారికి బీఎంఐ దగ్గర సున్నా, బరువు దగ్గర 2. అంటే హై రిస్క్ కిందికే వస్తారు. ‘నార్మల్’ అన్నవాళ్ళు ఒక గడి మాత్రమే చూశారు.

జొన్నరొట్టె_యాదగిరి
గిది మస్తు మందికి తెల్వదు. సన్నగున్నోళ్ళకే లోపం ఉంటదనుకుంటరు. లావుగున్న మనిషి గూడ ఆరు నెలల్ల పది కిలోలు దిగిపోతే కండ కరిగినట్టే.

బోయిన్‌పల్లి_నర్సు
@కొలత_టేపు చెప్పిన లెక్కకి ఒక అడ్డంకి ఉంది: నీరు. పాదాలు వాచి ఉంటే ఒంట్లో చేరిన నీళ్ళు కూడా తూకంలో కలుస్తాయి, తగ్గిన కండ లెక్కలోకి రాదు. మాధవిగారూ, చీలమండకి కాస్త పైన, ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీయండి. గుంట పడి అలాగే ఉండిపోతే నీరున్నట్టే. అప్పుడు అసలు బరువు 47 కూడా ఉండదు. రెండు కాళ్ళకీ వాపుంటే గుండె, కిడ్నీ, లివర్ కూడా చూపించాలి.

మల్కాజిగిరి_మాధవి
నొక్కి చూశాను, గుంట పడలేదు.

కొలత_టేపు
మంచిది. ఇంకో రెండు కొలతలు తీసుకోండి, టైలర్ టేపు చాలు.

ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడిచి, భుజం చివరి ఎముక నుంచి మోచేతి మొన దాకా కొలిచి సగంలో పెన్నుతో చుక్క పెట్టండి. ఆ తర్వాత చెయ్యి కిందికి వదిలేయమని చెప్పి చుక్క మీదుగా టేపు చుట్టండి. మడిచిన చేతి మీదే చుట్టేస్తే కండ ఉబ్బి కొలత ఎక్కువ వస్తుంది, అందరూ పొరబడేది అక్కడే. చర్మం నొక్కుకోకూడదు, టేపు వేలాడకూడదు. 23.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ వస్తే బీఎంఐ 20 లోపు ఉండే అవకాశం ఎక్కువ. మంచం దిగలేని వాళ్ళకి తూకం కుదరదు కాబట్టి ఈ కొలతే ఆధారం.

రెండోది పిక్క. కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు నేలకి ఆనించి, పిక్క ఎక్కడ లావుగా ఉందో అక్కడ కొలవాలి. పెద్దవాళ్ళలో 31 లోపు వస్తే కండ తగ్గిందని అర్థం.

మల్కాజిగిరి_మాధవి
చెయ్యి 22.8, పిక్క 29.5.

కొలత_టేపు
ఇక సందేహం లేదు. లోపం ఉంది. ఇది వయసు మీదికి నెట్టేసే విషయం కాదు.

తార్నాక_డైట్
"మూడు పూటలా తింటూనే ఉన్నా" అనే మాట దగ్గర ఆగుదాం. ఏం తింటున్నారో, ఎంత తింటున్నారో రాయండి. "ఇడ్లీ, అన్నం, టీ" అని కాదు. ఎన్ని ఇడ్లీలు, ఎన్ని గరిటెలు, కంచంలో ఎంత మిగిలింది, ఇవన్నీ. మూడు రోజులు రాస్తే చాలు, అందులో ఒకటి ఆదివారం ఉండాలి.

మల్కాజిగిరి_మాధవి
మూడు రోజులూ ఇంచుమించు ఒకటే. పొద్దున రెండు ఇడ్లీ, చట్నీ వద్దంటుంది. మధ్యాహ్నం గరిటెన్నర అన్నం, చారు, పల్చటి మజ్జిగ. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు. రాత్రి మళ్ళీ రెండు ఇడ్లీ, లేదంటే పాలల్లో బ్రెడ్. షుగర్ పెరుగుతుందని అన్నం తగ్గించింది, గుడ్డు వేడి చేస్తుందని మానేసింది. పప్పు, కూర ముట్టట్లేదు.

తార్నాక_డైట్
ఇప్పుడు లెక్క కట్టండి. చిన్న ఇడ్లీ ఒక్కోటి 60 కేలరీలు, 2 గ్రాముల ప్రొటీన్. గరిటెన్నర అన్నం 150 గ్రాములనుకుంటే 195 కేలరీలు, 4 గ్రాములు. చారులో చెప్పుకోడానికి ఏమీ లేదు. మజ్జిగలో ఉన్న పెరుగు రెండు చెంచాలే, మిగతాదంతా నీళ్ళు. టీ, బిస్కెట్లు 100 కేలరీలు. అన్నీ కలిపినా రోజుకి 600 నుంచి 650 కేలరీలు, 18 గ్రాముల లోపు ప్రొటీన్. ఈవిడకి కావాల్సింది కిలోకి 30 చొప్పున సుమారు 1,400 కేలరీలు. ప్రొటీన్ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు, లోపం ఉంటే 1.2 నుంచి 1.5. అంటే 56 నుంచి 70 గ్రాములు. కడుపు నిండుతోంది, ఒంటికి మాత్రం కేలరీల్లో సగం, ప్రొటీన్‌లో మూడో వంతు కూడా అందట్లేదు. చారన్నం, మజ్జిగన్నం, ఇడ్లీ అనే ఈ ‘తేలిక తిండి’ జ్వరం వచ్చిన మూడు రోజులకి సరే. నెలల తరబడి అదే తింటే ఏ పెద్దవాళ్ళయినా ఇలాగే కరిగిపోతారు.

మాత్రల_శీను
తిండి పెంచే ముందు, బరువు ఎందుకు తగ్గిందో కూడా వెతకాలి. షుగర్ అదుపులో లేకపోయినా మనిషి కరిగిపోతాడు, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ చేయించండి. మెట్‌ఫార్మిన్ కొందరికి ఆకలి చంపేస్తుంది, ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గుతుంది. థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, కిడ్నీకి క్రియాటినిన్, రక్తహీనతకి సీబీసీ, ఛాతీ ఎక్స్‌రే. మాత్రలు మీరుగా మాత్రం ఆపకండి. ఇంకొకటి, మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ రకం మాత్ర కూడా ఉంటే వెంటనే డాక్టర్‌కి బరువు తగ్గిన సంగతి చెప్పండి. 54 కిలోలప్పటి మోతాదు 47 కిలోల మనిషి, అదీ సరిగా తినని మనిషి, వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు.

ఫిల్మ్‌నగర్_ఫిట్
అల్బుమిన్ టెస్ట్ కూడా చేయించండి, తక్కువుంటే ప్రొటీన్ లోపం అని తేలిపోతుంది.

బోయిన్‌పల్లి_నర్సు
@ఫిల్మ్‌నగర్_ఫిట్ అది పాత పద్ధతి. అల్బుమిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చినా, వాపు జబ్బులున్నా, లివర్, కిడ్నీ దెబ్బతిన్నా పడిపోతుంది. తిండి లేక ఎండిపోయిన మనిషికి మామూలుగా ఉండొచ్చు కూడా. జబ్బు తీవ్రత తెలుసుకోడానికి పనికొస్తుంది గానీ పోషణకి కొలమానం కాదు. రిపోర్టులో అల్బుమిన్ బాగుందని ఊరుకున్నా తప్పే, తక్కువుందని ప్రొటీన్ పొడి కొన్నా తప్పే.

ఎర్రగడ్డ_ఊపిరి
షుగర్ ఉండి బరువు తగ్గుతున్నారంటే టీబీని మర్చిపోవద్దు. షుగర్ ఉన్నవాళ్ళకి టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, వీటిలో ఏ ఒక్కటున్నా తెమడ పరీక్ష చేయించండి, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. టీబీ తేలితే తిండికోసం నెలకి 1,000 రూపాయలు ఖాతాలో వేస్తారు, 2024 నవంబర్ దాకా 500 ఉండేది. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, మందులతో పాటు సరైన తిండి అంది మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగుల్లో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి.

మల్కాజిగిరి_మాధవి
దగ్గు, జ్వరం లేవు. టెస్టులు రేపే. ఈలోగా తిండి మొదలుపెట్టనా? ఎక్కువ పెడితే కంచం పక్కకి నెట్టేస్తుంది.

వంటిల్లు_వసంత
ఎక్కువ పెట్టొద్దు. తినే ఆ కొంచెంలోనే బలం పెంచాలి. కంచం అదే, సైజు అదే, లోపల సరుకు మారాలి.

పాలు: 200 మిల్లీలీటర్ల పాలల్లో రెండు పెద్ద చెంచాల పాలపొడి, అంటే 15 గ్రాములు, ముందు కాసిన్ని గోరువెచ్చటి పాలల్లో ఉండ లేకుండా కలిపి, తర్వాత మిగతా పాలు పోయండి. మరుగుతున్న పాలల్లో నేరుగా వేస్తే ముద్ద కడుతుంది. 6 గ్రాముల ప్రొటీన్ ఉన్న గ్లాసు సుమారు 10, 11 గ్రాములకి చేరుతుంది. టీ కూడా ఈ పాలతోనే పెట్టండి, ఆవిడకి తేడా తెలియదు.

ఇడ్లీ బదులు పెసరట్టు. 40 గ్రాముల పెసలకి 9 గ్రాములు వస్తాయి. ఇడ్లీయే కావాలంటే పుట్నాల చట్నీ చారులాగా పల్చగా చేసి ఇడ్లీ అందులో నానబెట్టండి.

చారు తాగుతారు కదా, ఆ చారునే మార్చండి. కందిపప్పు 30 గ్రాములు మెత్తగా ఉడికించి మెదిపి, అదే చారులో కలిపేయండి, దిగాక నెయ్యి రెండు చెంచాలు. చెంచా నెయ్యికి 45 కేలరీలు. మజ్జిగ బదులు గట్టి పెరుగు, 100 గ్రాములు.

ఫిల్మ్‌నగర్_ఫిట్
షుగర్ మనిషికి నెయ్యా? పాలపొడా?

తార్నాక_డైట్
అవును. నెయ్యి షుగర్‌ని పెంచదు, కొలెస్ట్రాల్ సంగతి 13 శాతం బరువు పోయిన మనిషికి ఈ మూడు నెలలూ రెండో వరసలో ఉంటుంది. పాలల్లో చక్కెర వేయకపోతే చాలు. పాలు పడక విరేచనాలైతే పెరుగు, పనీర్ వైపు వెళ్ళండి. ఇక్కడ ప్రమాదం షుగర్ పది పాయింట్లు పెరగడం కాదు, మంచం పట్టడం. కానీ క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా ప్రొటీన్ మరీ పెంచకండి. కిడ్నీ జబ్బుంటే మోతాదు కిడ్నీ డాక్టరే చెప్పాలి. లివర్ జబ్బుకి మాత్రం "పప్పు, గుడ్డు బంద్" అని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు, అది తప్పు. లివర్ గట్టిపడిపోయే సిర్రోసిస్‌లోనూ కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాములు ఇవ్వాలి, పడుకునే ముందు ఒక చిన్న తిండి కూడా ఉండాలి.

జొన్నరొట్టె_యాదగిరి
గివన్నెందుకు, రోజు జొన్నరొట్టె తినమనుండ్రి. మన పెద్దమనుషులు దాంతోనే గట్టిగున్నరు.

తార్నాక_డైట్
@జొన్నరొట్టె_యాదగిరి జొన్నతో పాటు పప్పు, పాలు, గుడ్డు ఉంటే ఏ ఇబ్బందీ లేదు, మంచి తిండి. కానీ జొన్న ఒక్కటే తిండైన చోట, ఇదే దక్కన్‌లో, పెలాగ్రా అనే బీ3 విటమిన్ లోపం జబ్బు కనిపించేది. ఎండ తగిలే చోట, మెడ చుట్టూ, రెండు చేతుల మీదా ఒకేలా నల్లగా మాడిన చర్మం, విరేచనాలు, మతిమరుపు. దానికి కారణమా అని, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం మీద మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోనే పరిశోధనలు జరిగాయి, సి. గోపాలన్ గారి పేరు అక్కడే వినిపిస్తుంది. 1918లో కూనూర్‌లో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చిన సంస్థ అది. ఏ ధాన్యమైనా ఒంటరిగా సరిపోదు.

జొన్నరొట్టె_యాదగిరి
గట్లనా. అయితే రొట్టెకు పక్కన గట్టిపప్పు, పెరుగు. ఒప్పుకున్న.

వంటిల్లు_వసంత
రాగి జావ గురించి ఎవరూ అనలేదు. అందరూ ఒక చెంచా పిండి, గ్లాసు నీళ్ళతో కాస్తారు. దాంట్లో 30 కేలరీలు కూడా ఉండవు, కడుపు మాత్రం నిండుతుంది. పిండి పెంచితే చిక్కబడి గొంతు దిగదు. దీనికి మందు మొలకెత్తిన రాగి పిండి. రాగులు ఒక రాత్రి నానబెట్టి, తడిబట్టలో మూటకట్టి ఒకటిన్నర నుంచి రెండు రోజులు మొలకెత్తనివ్వండి. తెల్ల మొలక కనిపించాక ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి, చేత్తో నలిపి మొలకలు రాల్చి, మర పట్టించండి. మామూలు రాగి పిండి 30 గ్రాములు వేసి గట్టిగా సంగటిలా ఉడికించి దించి, వేలు పెడితే చురుక్కుమనేంత వేడికి ఆరాక ఒక చెంచా మొలక పిండి వేసి కలుపుతూ ఉండండి. మీ కళ్ళముందే గరిటెకి అంటుకున్న ముద్ద జారడం మొదలవుతుంది, అయిదు నిమిషాల్లో తాగే జావ అవుతుంది. అప్పుడు ఇంకోసారి ఒక్క పొంగు రానిచ్చి పెరుగు, ఉప్పు కలపండి.

నారపల్లి_గృహిణి
మొలక పిండి వేయించాక వాడతాం మేము, వాసన బాగుంటుంది. పనిచేయట్లేదు మరి?

వంటిల్లు_వసంత
వేయించారు కాబట్టే. పిండిని విరగ్గొట్టేది మొలకలో పుట్టిన ఎంజైము. ఎర్రగా వేయిస్తే అది చచ్చిపోతుంది, మరిగే జావలో వేసినా అంతే. వాసన కావాలంటే మామూలు పిండి వేయించుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం ఇది తాగాక రెండు గంటలకి ఒకసారి షుగర్ చూసుకోవాలి, పల్చబడిన జావ త్వరగా అరుగుతుంది.

ఫిల్మ్‌నగర్_ఫిట్
ఇంత శ్రమెందుకు, మెడికల్ షాపులో డబ్బా కొంటే పోలా?

మాత్రల_శీను
డబ్బా తప్పని కాదు. వెనక్కి తిప్పి చదవండి. 100 గ్రాముల లెక్క కాదు, ఒక స్కూప్‌కి ఎంతో చూడండి. తీపి పొడుల్లో కొన్నిట్లో ప్రొటీన్ కన్నా చక్కెరే ఎక్కువ. తిండితో పాటు ఇచ్చే సప్లిమెంట్ రోజు మొత్తానికి 400 కేలరీలు, 30 గ్రాముల ప్రొటీన్ అయినా అందించాలి, కనీసం ఒక నెల వాడాలి. పూట తిండి మాన్పించి డబ్బా తాగిస్తే లాభం సున్నా. భోజనానికీ భోజనానికీ మధ్యే ఇవ్వాలి.

వంటిల్లు_వసంత
ఇంటి పొడి కూడా ఉంది. పుట్నాలు 100 గ్రాములు, వేయించి పొట్టు తీసిన పల్లీలు 50, నువ్వులు 25. విడివిడిగా పొడి చేసి కలపండి, కలిపి మిక్సీ వేస్తే నూనె వదిలి ముద్దవుతుంది. 30 గ్రాములకి సుమారు 135 కేలరీలు, ఆరున్నర గ్రాముల ప్రొటీన్. జావలో, పెరుగన్నంలో, ఉప్మా మీద, ఎక్కడైనా చల్లొచ్చు. నల్లబడిన పల్లీలు, ముడుచుకున్నవి, చేదున్నవి ఏరి పారేయండి, బూజు విషం వేయించినా పోదు. రెండు వారాలకి సరిపడానే చేసుకోండి.

జొన్నరొట్టె_యాదగిరి
ఒక మాట అడుగుత. మా గల్లీల ఒకాయన పది దినాలసంది ఏం తింటలేడు, తాగుడొక్కటే. ఇంటోళ్ళు రేపు ఆయనకు కడుపునిండ బిర్యానీ పెడ్తమంటున్నరు. పెట్టొచ్చా?

బోయిన్‌పల్లి_నర్సు
వద్దు! ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. రోజుల తరబడి తినని ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే ఇన్సులిన్ ఎగసి, రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి లాగేస్తుంది. గుండె లయ తప్పుతుంది, ఊపిరి అందదు, ఒళ్ళు వాస్తుంది, ఫిట్స్ రావొచ్చు. రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు, ప్రాణం పోతుంది. తాగేవాళ్ళకి బీ1 విటమిన్ కూడా అడుగంటి ఉంటుంది, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కించినా మెదడుకి దెబ్బే.

ఈయన్ని గాంధీకో, ఉస్మానియాకో, దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకో ఇవాళే తీసుకెళ్ళండి. "పది రోజులుగా తిండి లేదు, రోజూ తాగుతాడు" అని ఈ రెండు ముక్కలూ వెళ్ళగానే చెప్పండి. అక్కడ ముందు బీ1 ఇచ్చి, రక్తంలో లవణాలు చూసి, కిలోకి 10 కేలరీలతో మొదలుపెడతారు. 45 కిలోల మనిషికి అది రోజంతటికీ 450 కేలరీలే. నాలుగు నుంచి ఏడు రోజుల్లో మెల్లగా పెంచుతారు. బీఎంఐ 16 లోపు ఉన్నా, మూడు నుంచి ఆరు నెలల్లో 15 శాతం పైగా బరువు పోయినా ఇదే జాగ్రత్త.

జొన్నరొట్టె_యాదగిరి
ఇప్పుడే పోతున్న వాళ్ళింటికి.

మల్కాజిగిరి_మాధవి
మరి అమ్మకి కూడా నెమ్మదిగానేనా?

తార్నాక_డైట్
ఆవిడ తినడం ఆపలేదు, కాబట్టి అంత భయం లేదు. అయినా ఒక్కరోజులో 600 నుంచి 1,600కి దూకొద్దు. మొదటి వారం రెండే మార్పులు: పాలపొడి కలిపిన పాలు, పప్పు కలిపిన చారు. రెండో వారం పుట్నాల పొడి, గట్టి పెరుగు, పడుకునే ముందు గ్లాసు పాలు. మూడో వారానికి రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెంగా 1,400 దాటించండి. బాగా ఆకలేసే పూట ఏదో కనిపెట్టి, బలమైనది ఆ పూటే పెట్టండి, చాలామంది పెద్దవాళ్ళకి అది పొద్దున్నే. తినే ముందు నీళ్ళు, టీ వద్దు.

పళ్ళు_కొత్తపేట
ఒకటి అడగనా? చట్నీ వద్దు, కూర వద్దు, పప్పు వద్దు, నానింది మాత్రం తింటారు. కట్టుడు పళ్ళు ఉన్నాయా?

మల్కాజిగిరి_మాధవి
ఉన్నాయి. కింది సెట్టు తినేటప్పుడు తీసి గ్లాసులో వేస్తోంది!

పళ్ళు_కొత్తపేట
అయితే దొరికింది. బరువు తగ్గితే దవడ మీద కండ, చిగురు కూడా తగ్గి సెట్టు వదులవుతుంది. వదులైన సెట్టు ఒరుసుకుని పుండు పడుతుంది, అందుకని నమలరు, నమలక ఇంకా తగ్గుతారు. కింది చిగురు మీద ఎర్రగా ఉందేమో టార్చి వేసి చూడండి. సెట్టు కొత్తది చేయించక్కర్లేదు, లోపల పొర వేసి బిగించొచ్చు. అందాకా మెత్తనివే పెట్టండి. నోరు చూసేటప్పుడు నాలుక కూడా చూడండి, నున్నగా ఎర్రగా ఉంటే బీ12, ఐరన్ రెండూ అనుమానించాలి.

మల్కాజిగిరి_మాధవి
మూడు వారాల తర్వాత రాస్తున్నా. కింది చిగురు మీద నిజంగానే పుండుంది, సెట్టు సరిచేశారు. బీ12 తక్కువొచ్చింది, ఇంజక్షన్లు రాశారు. క్రియాటినిన్, థైరాయిడ్, ఎక్స్‌రే బాగున్నాయి. గుడ్డు ఉడికించి ఇస్తే ముట్టదు, కానీ పప్పుచారు దించే ముందు గిలక్కొట్టిన గుడ్డు సన్నటి ధారగా పోసి రెండు నిమిషాలు ఉడికిస్తే తింటోంది. బరువు 47.9. ఇది చాలా తక్కువా? రోజూ తూస్తున్నా.

కొలత_టేపు
సరైన వేగమే. వారానికి పావు నుంచి అరకిలో చాలు. రోజూ తూయకండి, వారానికొకసారి, అదే మిషన్ మీద, పొద్దున్నే టాయిలెట్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు. రెండు రోజుల్లో కిలోన్నర పెరిగితే సంతోషించకుండా మళ్ళీ కాలు నొక్కి చూడండి, అది నీరు. నెలకోసారి చెయ్యి, పిక్క కొలవండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమనండి, ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. రోజూ రెండుసార్లు అదే వ్యాయామం. కదలకుండా తిన్న ప్రొటీన్ కండగా మారేది తక్కువ.

జొన్నరొట్టె_యాదగిరి
మా గల్లీ ఆయన ఉస్మానియాల ఉన్నడు. ఫాస్ఫేట్ మస్తు తక్కువున్నదట. ఇయ్యాల గంజి మొదలువెట్టిన్రు, చిన్న గ్లాసు.